తరుగు అంటే ఎంత?

ఒక తూకాల ప్రోగ్రాం ఏమేం చేయాలో చెబుతూ నేను రాసిన మొదటి డాక్యుమెంటు 46 పేజీలు, ఇంగ్లీషులో. తరుగు అన్న మాట అందులో ఒకే ఒక్కచోట వస్తుంది: 'నికర బరువులోంచి తరుగు శాతం తీసేయాలి' అని. ఆ ఒక్క వాక్యానికి మూడు వారాల పని పోయింది. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాకిట్లో, ట్రాక్టర్ల వాళ్లందరి ముందు నా పరువూ కొంత పోయింది.

హైదరాబాదులో తొమ్మిదేళ్లు బిజినెస్ అనలిస్టుగా, అంటే ప్రోగ్రాం ఏం చేయాలో వాడేవాళ్లను అడిగి రాసిపెట్టేవాడిగా పనిచేసి తిరుపతికి తిరిగొచ్చినవాణ్ణి. బైరాగిపట్టెడలో రెండు గదుల ఆఫీసు, కోడ్ రాసే ఇద్దరు కుర్రాళ్లు, నేను. లాడ్జీలకు బుకింగులు, క్లినిక్‌లకు టోకెన్లు, ఇట్లాంటివి చేసుకుంటూ ఉంటే 2025 ఫిబ్రవరిలో ఈ పని వచ్చింది. జూన్, జూలైల్లో తోతాపురి కాయ ముమ్మరంగా దిగుతుంది. ట్రాక్టర్ లోపలికి రాగానే కాటా మీద తూకం, కాయ దించాక ఖాళీ బండికి మళ్లీ తూకం, చీటీ, లెక్క, డబ్బు. అప్పటిదాకా పుస్తకాల్లో నడిచిన ఈ వ్యవహారాన్ని కంప్యూటర్లోకి తేవాలి.

మొదటి మీటింగు యజమాని ఏసీ గదిలో జరిగింది. "చూడబ్బా, ఎవురు ఎంత కాయ తోలినారు, ఎవురికి ఎంత బాకీ ఉండాది, నా ఫోన్లో కనపడాల. అంతే" అన్నాడాయన. నేను నా ప్రశ్నల జాబితా బయటికి తీశాను.

ఆ జాబితా కూడా నాతోపాటు హైదరాబాదు నుంచి వచ్చిందే. రిక్వైర్‌మెంట్స్, అంటే ప్రోగ్రాం ఏమేం చేయాలన్నది, రాయడానికి పాత కంపెనీలో మాకిచ్చిన నమూనా 1998 నాటి ఐట్రిపుల్ఈ (ఇంజనీర్ల సంఘం) 830 ప్రమాణాన్ని చూసి తయారు చేసింది. ఆ ప్రమాణం స్థానంలో 2011లోనే 29148 అనే కొత్తది వచ్చింది, 2018లో దాన్నీ సవరించారు. మా నమూనా మాత్రం మారలేదు. ఉద్దేశం, పరిధి, వాడేవాళ్లు, చేయాల్సిన పనులు, వేగం, భద్రత అని అన్నిటికీ అందులో గడులుంటాయి. ఖాళీ గడి కనిపిస్తే నాకు చెయ్యి ఊరుకోదు. రెండు మీటింగుల్లో అన్నీ నింపేశాను. ఇంగ్లీషులో ప్రింటు తీసి ఇస్తే ఆయన నేరుగా చివరి పేజీ తిప్పి "సంతకం యాడ పెట్టాల?" అన్నాడు. ఆ సంతకం చూసుకుని, పూతలపట్టు దాటేదాకా ఈల వేసుకుంటూ బండి నడిపాను.

ఫిబ్రవరిలో ఫ్యాక్టరీలో ఒక్క కాయ లేదు. కాటా మీద కుక్క పడుకుని ఉంది. మిషన్లకు గ్రీజు పెడుతున్నారు. కాటా చూసే పెద్దాయన ఊళ్లో తన చేలో ఉన్నాడు. అంటే జరగని పని గురించి, ఆ పని చేయని మనిషిని అడిగి నేను 46 పేజీలు రాశాను. అప్పుడు ఇది తట్టలేదు.

మే చివర్లో తొలి కాయ మొదలైంది. మేమూ ప్రోగ్రాం తీసుకెళ్లి పెట్టాం. రెండో రోజు మధ్యాహ్నం ఒక ట్రాక్టర్ వచ్చింది. కాయతో 7,840 కిలోలు, ఖాళీ బండి 3,420. నెట్టు 4,420. ఇందులో కుళ్లిన కాయ, పగిలిన కాయ ఏరి పక్కన పెడితే 60 కిలోలు తేలింది. క్యాషియరమ్మ కాగితం మీద లెక్క కట్టి 4,272 అంది. మా ప్రింటర్ లోంచి వచ్చిన చీటీలో 4,199 అని ఉంది. 73 కిలోల తేడా.

రైతు చదువుకున్నాడో లేదో తెలీదు కానీ నోటి లెక్కలో మాత్రం ఘటికుడు. చీటీ చూసి, వేళ్లు మడిచి, "ఏందబ్బా, మీ మిషను గూడా కాయ తింటా ఉండాదా?" అన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కోడ్ రాసిన కుర్రాడు చీటీ తీసుకుని, డాక్యుమెంట్ లోని వాక్యం తీసి నాకే చూపించాడు: నెట్టులోంచి తరుగు శాతం తీసేయాలి, తీశాను కదా సార్ అని. నిజమే. మొన్న మేమే 2 శాతం అని పెట్టాం. ఇప్పుడు తెరమీద 5 ఉంది. ఎవరు మార్చారు?

మార్చింది మాగబెట్టే షెడ్డు సూపర్‌వైజర్. పచ్చిగా వచ్చిన తోతాపురిని మూడు నాలుగు రోజులు మాగబెట్టి గుజ్జు తీస్తారు. ఆ రోజుల్లో కాయ నీరు కోల్పోయి తూకం తగ్గుతుంది. దాన్ని ఆయన తరుగు అంటాడు. తన తెరమీద తరుగు అన్న గడి కనబడింది, తన లెక్క ప్రకారం 5 కొట్టాడు. క్యాషియరమ్మకు తరుగు అంటే టన్నుకు 20 కిలోల చొప్పున రివాజుగా కోసుకునేది. కాటా పెద్దాయనకు తరుగు అంటే దించేటప్పుడు ఏరి పక్కన పోసిన కుళ్లు కాయ, అది శాతం కానే కాదు, తూకం. ముగ్గురూ పదిహేనేళ్లుగా ఒకే ఆవరణలో ఆ మాట వాడుతున్నారు, ఒక్కరోజు కూడా పొరపాటు రాలేదు. ఎందుకంటే ముగ్గురి పుస్తకాలూ వేరు. మూడు పుస్తకాలను కలిపి ఒక్క గడి చేసినవాణ్ణి నేను.

ఆ పాత 830 ప్రమాణంలోనే మంచి రిక్వైర్‌మెంట్ లక్షణాల్లో ఒకటి రాసి ఉంటుంది, వాక్యానికి ఒకటే అర్థం రావాలని. ఇంటర్వ్యూల్లో ఎంతమందికి చెప్పి ఉంటానో. నా ఇంగ్లీషు వాక్యానికి ఒకటే అర్థం ఉంది, సందేహం లేదు. దాని కింద ఉన్న తెలుగు మాటకు మూడున్నాయి.

ఆ సాయంత్రమే ప్రోగ్రాం ఆపేశాం. యజమాని కేకలేయలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది. "సీజన్ నెత్తిన ఉండాది. పది దినాల్లో సరి చేస్తావా, పుస్తకాలే తీమంటావా?" అని మాత్రం అడిగాడు.

మర్నాటి నుంచి ఐదు రోజులు కాటా గదిలో కూర్చున్నాను. అందులో రెండు రాత్రులు. లాప్‌టాప్ తీసుకెళ్లలేదు, ఒక లాంగ్ నోట్‌బుక్కు, పెన్ను. మొదటి రోజు పెద్దాయన నన్ను సార్ అని పిలిచి ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. ఏమడిగినా "అంతా కరెక్టే సార్, ఏం ఇబ్బంది లేదు" అనేవాడు. మీకేం కావాలి అని అడిగితే ఎవరైనా అంతే చెబుతారు. మూడో రోజుకు ప్రశ్న మార్చాను. "పెద్దాయనా, రాత్రి చివరి బండి దగ్గర ఏం జరిగింది?" అన్నాను. ఇక చూడండి, ఆపలేదు. అప్పటికి నన్ను పిలవడం కూడా సార్ నుంచి సామీకి వచ్చింది.

రాత్రి చివరి బండి మీద నలుగురు ఆడవాళ్లు నిద్రపోతున్నారట, కాయ కోతకు పోయి వస్తూ. రెండు గంటలప్పుడు వాళ్లను లేపి దింపడం ఆయనకు ఇష్టం లేదు. అట్లనే తూకం వేసి, పుస్తకంలో 'మ 4' అని సున్నా చుట్టి పెట్టాడు. ఖాళీ తూకానికి మళ్లీ ఆ నలుగుర్నీ బండెక్కిస్తాడు. ఒకరు టీకి పోయి రాకపోతే ఆ మనిషికి 50 కిలోలు సర్దుతాడు. ఈ 'మ' సంగతి యజమానికి తెలీదు, క్యాషియరమ్మకు తెలీదు. నా 46 పేజీల్లో ఎక్కడుంటుంది? మా కుర్రాడికి ఇది చెబితే కళ్లు మెరిశాయి, కెమెరా పెట్టి ఏఐతో మనుషుల్ని లెక్క పెట్టిద్దాం సార్ అన్నాడు. బండి మీద ఎంతమంది అని ఒక చిన్న గడి పెట్టు నాయనా చాలు అన్నాను.

బండి నంబరు సంగతి ఇంకా బాగుంటుంది. కాయతో వచ్చిన నంబరు, ఖాళీగా తూగిన నంబరు ఒకటే అయితేనే చీటీ రావాలని మేం గట్టిగా కట్టాం. మోసం జరక్కుండా అన్నమాట. కానీ లైను పొడుగ్గా ఉన్నప్పుడు రైతు ట్రెయిలర్‌ను ఇక్కడ వదిలి ఇంజన్ తీసుకుని ఇంకో లోడుకు పోతాడు. తెల్లారి ఆ ట్రెయిలర్‌ను ఇంకెవరిదో ఇంజన్ లాగుతుంది. అప్పుడు ఖాళీ తూకం ఏ ఇంజన్‌తో వేయాలి? పెద్దాయన ఇట్లాంటి బండ్లకు ట్రెయిలర్ ఒక్కదాన్నే కాటా మీద నిలబెట్టి రెండుసార్లూ తూస్తాడు. అది ముందే అడుగుతాడు: "వదిలి పోతావా, ఉంటావా?" ఈ ఒక్క ప్రశ్నే మా ప్రోగ్రాంలో మొదటి తెరకు రావాల్సిన ప్రశ్న. ఆయన దాన్ని నియమం అనుకోడు కాబట్టి, నియమాలు చెప్పమంటే చెప్పడు.

కాటా నుంచి తూకం నేరుగా వైరు ద్వారా కంప్యూటర్లోకి వస్తుంది, చేత్తో కొట్టే అవకాశం ఇవ్వకూడదు అని యజమాని గట్టిగా చెప్పాడు. సబబే. నేనున్న రెండో రాత్రి కరెంటు పోయింది. కాటా అంకెలు బ్యాటరీ మీద వెలుగుతూనే ఉన్నాయి, మా కంప్యూటర్ చచ్చిపోయింది. జనరేటర్ అందుకునేలోపు పెద్దాయన టార్చి వేసుకుని రెండు బండ్లు పుస్తకంలోకి ఎక్కించేశాడు. ఇక చేత్తో కొట్టకూడదన్న నియమాన్ని తిరిగి రాశాం: కొట్టొచ్చు, కానీ పుస్తకం పేజీ నంబరు వేయాలి, ఆ చీటీ వేరే రంగులో రావాలి, పొద్దున యజమాని ఒప్పుకునేదాకా డబ్బు పోకూడదు.

రెండో డాక్యుమెంటు తెలుగులో రాశాను. ముందు మాటల పట్టీ. 31 మాటలు వచ్చాయి. తరుగు అన్న మాటనే తీసేశాను. కుళ్లు, కోత, మాగుదల అని మూడు వేరు మాటలు పెట్టాను. తర్వాత వాక్యాలు, ఒక్కోదానికి ఒక నంబరు. ప్రింటు తీసి సంతకానికి ఇవ్వలేదు. సాయంత్రం లైను కాస్త తగ్గినప్పుడు, కాటా పక్కన చింతచెట్టు కింద యజమాని, క్యాషియరమ్మ, సూపర్‌వైజర్, పెద్దాయన కూర్చున్నారు. టీ తెప్పించి పైకి చదివాను.

నాలుగో వాక్యం దగ్గరే ఆగిపోయింది. 'నికర బరువు' అనగానే క్యాషియరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎవురు సార్ అట్లా అంటారు? నెట్టు అనండి." మార్చాను. ఎనిమిదో వాక్యం: నెట్టులోంచి కోత, కుళ్లు తీసేయాలి. ఆమె మళ్లీ ఆపింది. "కోత దేని మీద? ముందు కుళ్లు తీసి, మిగిలినదాని మీద గదా?" కాదు, మొత్తం నెట్టు మీదే అన్నాడు యజమాని. ఆ ట్రాక్టర్ లెక్కే వేసి చూశాం. ఆమె పద్ధతిలో 4,272, ఆయన పద్ధతిలో 4,271. ఒక్క కిలో. కుళ్లని పారబోసిన కాయకు మళ్లీ కోత ఏంది అన్నది ఆమె న్యాయం. ఇన్నేళ్లూ ఆమె అట్లనే కట్టి ఇచ్చింది, ఆయన తనకు తోచినట్టే జరుగుతోందనుకున్నాడు. పక్కన బండి మీద కూర్చున్న ఒక రైతు ఇదంతా వింటూ, "అమ్మ కట్టేదే మాకు తెలుసు, దాన్నే పెట్టండి" అన్నాడు. యజమాని ఒక్క నిమిషం చెట్టు పైకి చూసి సరే అన్నాడు. ఆ వాక్యం పక్కన తేదీ, ఎవరు ఒప్పుకున్నారో రాసుకున్నాను.

ప్రతి వాక్యం తర్వాత నేను అడిగింది ఒకటే: ఇది ఎప్పుడు జరగదు? అవునా కాదా అంటే అందరూ అవుననే అంటారు. ఎప్పుడు జరగదు అంటే మాత్రం ఎవరో ఒకరికి ఏదో ఒక రాత్రి గుర్తొస్తుంది. 52 వాక్యాలు చదవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. 19 వాక్యాలు మారాయి.

'వేగంగా ఉండాలి' లాంటివి తేల్చడం తేలికే అయింది. ఖాళీ తూకం ఆగిన క్షణం నుంచి చీటీ చేతికి రావడానికి 20 సెకన్లు అని రాసి, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పెద్దాయన చేతే ఒప్పించాను. కొలవడానికి వీల్లేని వాక్యం ఒక్కటి కూడా ఉంచలేదు. రైతు చిరునామాలో జిల్లా గడి మాత్రం కాస్త నవ్వు తెప్పించింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పాకాల తిరుపతి జిల్లాలోకి పోయింది. పాకాల రైతును అడిగితే ఇప్పటికీ చిత్తూరు జిల్లా అనే చెబుతాడు. అందుకని మండలం ఎంచుకుంటే జిల్లా దానంతటదే వచ్చేట్టు, రేపు మళ్లీ మారితే మేమే ఒకచోట మార్చేట్టు రాసుకున్నాం.

సంతకం దగ్గరికి వచ్చేసరికి క్యాషియరమ్మ, "సంతకాలెందుకు సార్, కాణిపాకం పక్కనే గదా, పోయి ప్రమాణం చేసేద్దాం" అంది. వినాయకుడి ముందు అబద్ధం ఆడరని ఈ వైపు నమ్మకం. సంతకంతో పనయ్యేదైతే నా మొదటి డాక్యుమెంటే పనిచేసి ఉండాలి, అందుకని నాకు ఆమె మాట కాస్త గుచ్చుకుంది కూడా.

నేను పూర్తిగా మర్చిపోయిన మనిషి ఆడిటర్. ఫ్యాక్టరీకి నెలకోసారి వస్తాడు, ఎవరూ ఆయన్ను 'వాడేవాళ్ల' లెక్కలో చెప్పలేదు. చింతచెట్టు మీటింగు అయ్యాక యాదృచ్ఛికంగా దొరికాడు. మా తెరమీద 'సప్లయర్' అన్న గడి చూసి తల అడ్డంగా ఊపాడు. ఒక మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలు దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. పంట పండించిన రైతుకే నేరుగా ఇస్తే మినహాయింపు ఉంది. మధ్యలో ఏజెంటు చేతికి ఇస్తే ఆ మినహాయింపు లేదు. కాబట్టి కాయ తెచ్చింది ఎవరు, పండించింది ఎవరు అన్నవి రెండు వేరు గడులు కావాలి. ఇక్కడా మాటల గొడవే. ఆవరణలో బండితో వచ్చిన ప్రతివాణ్ణీ రైతే అంటారు, నాలుగు తోటల కాయ కలిపి తెచ్చిన ఏజెంటును కూడా. పట్టీలో 'రైతు' పక్కన 'తెచ్చినవారు' అని చేర్చాం. మా కుర్రాళ్లు గొణిగారు, డేటాబేస్ అంతా కదుపుతున్నారని.

జూన్‌లో తోతాపురి ధర పడిపోయింది. ట్రాక్టర్లు రోడ్డు మీద కిలోమీటర్ల పొడుగున నిలబడ్డాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం ఇంకో 4 రూపాయలు రైతుకు ఇస్తుందని ప్రకటన వచ్చింది. ఆ నాలుగు రూపాయలు అందాలంటే ఏ రైతు ఎన్ని కిలోలు వేశాడన్న లెక్క రైతు పేరు మీదే ఉండాలి. 'సప్లయర్' గడితోనే ఉండి ఉంటే మేం ఏజెంట్ల జాబితా పట్టుకుని తల గోక్కునేవాళ్లం. ఆడిటర్ పుణ్యమా అని పేర్లు విడిగా ఉన్నాయి. ఆ వారం కుర్రాళ్ల గొణుగుడు వినిపించలేదు.

అదే వారం యజమాని ఫోన్ చేసి ఇంకో తొమ్మిది కోరికలు చెప్పాడు. డ్రమ్ముల స్టాకు, లేబర్ హాజరు, డీజిల్, అన్నీ అత్యవసరమే. 1994లో డై క్లెగ్ అనే ఆయన పెట్టిన మాస్కో పద్ధతి ఒకటి ఉంది. ఉండి తీరాల్సినవి, ఉంటే మంచివి, వీలైతే చేసేవి, ఇప్పటికి వద్దనుకున్నవి అని కోరికల్ని నాలుగు రాశులు పోయడం. దాని గురించి ఫోన్లోనే చెప్పబోయాను. "మాస్కో యాల అబ్బా, మనకు చిత్తూరు చాలు" అన్నాడు. నేను ఒక్కటే అడిగాను: "అన్నా, ఈ రాత్రికి ఒక్కటే ఇవ్వగలను, ఏది కావాల?" చాలాసేపు మాట్లాడలేదు. "రైతుల జాబితా" అన్నాడు. మిగిలిన ఎనిమిదీ ఆగస్టుకు పోయాయి. అందులో మూడు ఆయనకే గుర్తు లేవు.

సీజన్ అయిపోయాక బాకీ వసూలుకు వెళ్లినప్పుడు కాటా గదిలోకి తొంగి చూశాను. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి, దానిమీద విభూతి పొట్లం పెట్టి ఉంది. పక్కనే పెద్దాయన పుస్తకం. సీజన్ అంతా రెండూ నడిపాడన్నమాట. పేజీలు తిప్పితే కుళ్లు, కోత, మాగుదల అని మా మాటలే చక్కగా గళ్లు గీసి రాసుకున్నాడు. ముచ్చటేసింది. చివర్లో మాత్రం ఇంకో గడి ఉంది. నేనెప్పుడూ చెప్పనిది. దాని పైన 'కంప్యూటర్ తరుగు' అని రాసి ఉంది, కింద కొన్ని బండ్ల దగ్గర 10, 10, 20.

"ఇదేంది పెద్దాయనా?" అన్నాను.

"అదా సామీ, నా కంటికి కనపడిన తూకానికీ, దాంట్లో పడినదానికీ తేడా. బండి ఊగతా ఉండంగానే అది పట్టేసుకుంటాది."

నోట్‌బుక్కు తీసి, మాటల పట్టీలో 32వది రాసుకున్నాను.